మర్హూమ్ రషీద్ సాహెబ్‌కు ఘన స్వాగతం

నిండు సభలో మైకు పట్టుకుని ఒక పెద్దమనిషిని చంపేశాను. కంగారుపడకండి, ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చుని వింటూనే ఉన్నారు.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా ఏర్పడిన రోజులు. రాయపూర్‌లో నాన్నది రైల్వే ఉద్యోగం. మా పక్కింటి రషీద్ చాచా, రిటైరైన గార్డు, ఉర్దూలో కథలు రాసేవారు. ఎంత గొప్ప కథలండీ! రామలీలలో రాముడి బట్టలకు జరీ కుట్టే దర్జీ మియా, మొహర్రం ఊరేగింపులో తాజియాకు భుజం పట్టే పండిట్‌జీ, గోడ మీదుగా చేతులు మారే ఈద్ సేమ్యాలు, మన కజ్జికాయల్లాంటి హోలీ గుజియాలు. నాకు ఆ లిపి రాదు కాబట్టి ఆయనే చదివి వినిపించేవారు. ఆ కథల్లోని వీధిలో పుట్టనందుకు నాకు ఏడుపొచ్చేది. వాటిని తెలుగులోకి తేవాలని ప్రాణం కొట్టుకునేది. అడిగితే "దేఖేంగే బేటా", చూద్దాంలే అని నవ్వేసేవారు.

ఆ కథల్లో మంచివాళ్లందరి పేర్ల ముందూ 'మర్హూమ్' అని ఉండేది. మర్హూమ్ పండిట్‌జీ, మర్హూమ్ దర్జీ మియా. లంచాలు మేసే తహసీల్దారుకు మాత్రం ఉండేది కాదు. ఇంకేం, మన 'మహారాజశ్రీ' లాంటి బిరుదని తేల్చేశాను. అడగొచ్చుగా అంటారా? ఆ తెలివే ఉంటే మీకీ కథ ఎక్కడిది?

దేవేంద్ర నగర్‌లో మా తెలుగువాళ్ల ఉగాది సభ. నా పోరు పడలేక చాచాను ముఖ్య అతిథిగా పిలిచారు. ఆయన్ను ఆకాశానికెత్తి, అనువాదానికి అక్కడే 'సరే' అనిపించాలని నా ఎత్తు.

"ఇప్పుడు మన మర్హూమ్ రషీద్ సాహెబ్ మాట్లాడతారు!" అని గొంతు చించుకున్నాను.

హాలంతా నిశ్శబ్దం. అది భక్తి అనుకుని రెచ్చిపోయాను. "ఖుదా దయవల్ల మనందరం కూడా జల్దీ జల్దీ ఆయనలాగే మర్హూమ్ కావాలి!"

"తథాస్తు!" అన్నారు కార్యదర్శి అప్పారావుగారు. ఆయన ఉర్దూ కూడా నా ఉర్దూ లాంటిదే.

ముందు వరసలో చాచా భార్య, మా చాచీ, గుండె మీద చెయ్యేసుకుంది. "హాయ్ అల్లా! ఘర్ సే తో ఠీక్ నికలే థే!" ఇంటి నుంచి బాగానే బయల్దేరారట పాపం.

నాన్న స్టేజీ దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. "ఒరేయ్, మర్హూమంటే సచ్చిపోయినోడ్రా ఎదవా!"

చాచా నెమ్మదిగా లేచి మైకు అందుకున్నారు. ఇక అనువాదం గోవిందా అనుకున్నాను.

"తర్జుమా చేసేవాళ్లు రచయితను చంపేస్తారని విన్నాను," అన్నారాయన హిందీలో. "వీడు మొదలుపెట్టకముందే చంపేశాడు!"

హాలు నవ్వులతో ఊగిపోయింది. ఆయన గొంతు మెత్తబడింది. "నా కథల్లో మంచివాళ్లంతా పోయినవాళ్లే. ఆ కాలమూ వాళ్లతోనే పోయిందనుకుని రాశాను. ఇవాళ మీ పండుగకి ఈ ముసలి మియాను పిలిచి, ముందుగా నా చేతిలోనే పచ్చడి పెట్టారు. మరి పోయిందేమిటి? కథలు నీవే బేటా, తీసుకో."

నేను స్టేజీ మీదే ఏడ్చేశాను. ఆనాడే ఒట్టు కూడా పెట్టుకున్నాను: ఇకమీదట ఎవరికి ఏ బిరుదు తగిలించాలన్నా, ముందు ఆయన నాడి పట్టుకుని చూస్తాను.