జకరయ్య పరీక్ష పన్ను

నెల్లూరులో పళ్ళు బాగుచేసే జకరయ్య పొద్దున్నే కూజాలోని చల్లనీళ్ళు పుక్కిట పట్టి, కుడి దవడకు పోనిచ్చి, కళ్ళు మూసుకుంటాడు. అక్కడి పుచ్చుపన్ను జివ్వుమంటే అది బతికే ఉందని తేలిగ్గా ఊపిరి వదులుతాడు. మద్రాసు నుంచి పుచ్చు పూడ్చే కొత్త సిమెంటు ఏది వచ్చినా గాజుపలక మీద కలిపి, అద్దంలో చూసుకుంటూ, ముందు ఆ పంటి గుంటలోనే పెట్టుకుంటాడు. నెల గడిచాకే అది ఇంకొకరి నోటికి పోతుంది.

ఈసారి వచ్చింది తెల్ల సిమెంటు. ముందుపన్ను పుచ్చిన కోవూరు ఆదిశేషమ్మ, మూతికి కొంగు అడ్డం పెట్టుకుని దానికోసమే నెలంతా కాచుకుంది.

"అది వద్దమ్మా. లవంగనూనెతో కలిపే పాతదే పెడతా. అది పెట్టుకున్నాక నా పన్ను చల్లనీళ్ళకు జివ్వుమనడంలా" అన్నాడు జకరయ్య.

"నొప్పి లేకుంటే మంచిదే కదన్నా! పాతదైతే నవ్వినప్పుడల్లా పచ్చజొన్న గింజ మాదిరి కనబడతాది."

"నొప్పి లేదంటే లోపల నరం చచ్చిపోయినట్టమ్మా."

ఆదిశేషమ్మ నాలుకతో తన పన్ను తడుముకుంది.

"అయితే ఆ జొన్నగింజే పెట్టన్నా" అంది.

ఆమె వెళ్ళాక జకరయ్య తెల్ల సిమెంటు సీసాను చెత్తబుట్టలో వేశాడు. తర్వాత అద్దం ముందు నోరు తెరిచి, ఎడమ దవడలో పుచ్చు మొదలైన పన్ను ఏదైనా ఉందేమోనని వెతుక్కున్నాడు.