నాకు తెలియని నీసు

నీసు అనే మాట నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఆ వాసన మాత్రం ఇప్పటికీ తెలియదు. మల్లెపూలు తెలుస్తాయి, మాడిన పాలు తెలుస్తాయి, పక్కింట్లో గ్యాస్ లీకైనా ముందు నాకే తెలుస్తుంది. చేప దగ్గరికొచ్చేసరికి నా ముక్కు ఉన్నా లేనట్టే. ఈ ఒక్క సంగతి మా అత్తను నమ్మించలేక నా ప్రాణం విసిగిపోయింది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు అత్తతో పాటు మా ఇంటికి భోజనానికొచ్చారు. సూళ్లూరుపేట మార్కెట్లో నేనే ఏరి తెచ్చిన చేపలతో పులుసు పెట్టాను. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, మింగలేక కక్కలేక కూర్చున్నారు. అత్త గిన్నె మూత తీసి నా వైపు తిరిగింది.

"ఇంత నీసు కంపు కొడతా ఉంటే నీకు తెలవలేదా? చేపల పని తప్పించుకోను నాటకాలాడతా ఉండావు!"

ఆ తర్వాత నన్ను చేపల జోలికి రానివ్వలేదు. చేపల పులుసు రాని కోడలని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పేది. ఒళ్లు మండిపోయేది. నెల్లూరులో ముక్కు డాక్టరు దగ్గరికి వెళితే, కాఫీపొడి, కర్పూరం వాసన చూపించి "మీ ముక్కు బ్రహ్మాండంగా ఉందమ్మా" అని పంపేశాడు.

చివరికి కాలేజీలో బయాలజీ చెప్పే మా పిన్ని కూతురు విడమర్చి చెప్పింది. ముక్కులో వాసనలు పట్టే ప్రొటీన్లు వందల రకాలుంటాయట. ఒక్కోదాని తయారీకి ఒక్కో జన్యువు. నీసును పట్టే ప్రొటీన్ జన్యువులో చిన్న తేడా ఉంటే, మిగతావన్నీ తెలిసినా అదొక్కటే తెలియకపోవచ్చట. "నీది అదే అయ్యుంటుందక్కా" అంది. హమ్మయ్య అనుకుని, ఇంటికి రాగానే అత్తకు చెప్పాను.

"జన్యువంటే ఏందే?"

"అమ్మానాయన దగ్గర్నుంచి వచ్చేది అత్తా."

"అట్టా చెప్పు! పుట్టింటి నుంచి తెచ్చుకున్నదేనా?" అని నవ్వింది. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

మొన్న కరెంటు పోయి ఫ్రిజ్‌లో చేపలు పాడయ్యాయి. అత్త ముక్కు మూసుకుని గిన్నె బయటికి తీసింది. నా కూతురు వచ్చి అందులోకి తొంగిచూసింది.

"దూరం పోవే, కంపు!"

"ఏం కంపు అవ్వా? నాకేం రావడంలా."

అత్త గిన్నెను దాని ముక్కు కిందే పెట్టింది. పిల్ల అదే మాట చెప్పింది. అత్త గిన్నె పక్కన పెట్టి దాన్ని ఒళ్లోకి లాక్కుంది.

"అయ్యో నా తల్లే! పసిబిడ్డ అబద్ధం యాడ చెప్పుద్ది? దేవుడు ఆ ఒక్క వాసనా ఇయ్యలేదు బిడ్డకి."

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"నేను మాత్రం అబద్ధం ఎందుకు చెప్తానత్తా? నేనూ ఒక తల్లి బిడ్డనే గదా!"