పుండు కాలితో నేసిన కట్టుబట్ట

"పడుగు తెగలేదు గదా?" అని అడిగాడు మా ఆయన.

"నీ కాలు తెగుతాంది. పడుగు తెగితె ఎవనికి, తెగకుంటె ఎవనికి?" అన్నాను నేను.

మేమిద్దరం మాట్లాడుకున్న చివరి మాటలు ఇవే. పాలమూరు దవాఖానలో ఆయనను చక్రాల మంచం మీద ఆపరేషన్ గదికి తోసుకుపోతున్నారు. మోకాలి కింది నుంచి కాలు తీసేస్తామన్నారు. అలాంటప్పుడు మనిషన్నవాడు పెళ్ళాన్ని చూసి ఏడుస్తాడు, లేదంటే దేవుణ్ణి తలచుకుంటాడు. ఈయనకు మగ్గం మీది నూలు యాదికొచ్చింది. నా జవాబు విని ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. మళ్ళీ కళ్ళు తెరవలేదు.

ఇప్పుడు ఆయన చేత గుడ్డ నేయించుకున్న కాలేజీ వాళ్ళు కబురు పెట్టారు. ఆయన గురించి చెప్పాలట, వాళ్ళ పుస్తకంలో అచ్చు వేస్తారట. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా చెల్లెలి బిడ్డ రాస్తోంది.

మాది కొత్తకోట అవతల మగ్గాల ఊరు. ఆయన చీరలు నేసేవాడు, నేను నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేదాన్ని. గుంట మగ్గం చూడనివాళ్ళకు చెబుతున్నాను. నేలలో గుంత తవ్వి, అందులోకి కాళ్ళు దించి కూర్చుంటారు. కింద చెక్కలు తొక్కితే పైన పడుగు దారాలు విడిపోతాయి, వాటి మధ్యలోంచి అడ్డం నూలు లాక్కుంటూ నాడె పోతుంది. షుగర్ వచ్చి ఆయన అరికాళ్ళకు తిమ్మిరెక్కింది. సూదితో గుచ్చినా తెలిసేది కాదు. ఆ చెక్క ఒరుసుకుని ఒరుసుకుని కుడి బొటనవేలి కింద పుండు పడింది. ఎన్ని మందులు పూసినా మానలేదు. చుట్టాలు వస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పలకరించి పోయేవాళ్ళు.

అప్పుడు హైదరాబాద్ నుంచి కాలేజీ వాళ్ళు జీపులో దిగారు. మానని పుండ్లకు ఆకుపసరుతో కట్టు తయారు చేస్తున్నామన్నారు. ఏం మహా ఆకో అనుకున్నాను. చూస్తే పలకాకు. బడి పిల్లలు పలకలు తుడిచే ఆకు, గొర్రెకు ముల్లు చీరితే కాపరి నలిపి పిండే ఆకు. దాని రసం తీసి, వడగట్టి, గుడ్డకు పట్టించి, ఆరబెట్టి పెట్టెల్లో పెడతారట. మంచిదే. ఆకును నేనేమీ అనను.

మిల్లు గుడ్డ వాళ్ళకు సరిపడలేదు. గంజి పెట్టని నూలుతో, దోమతెర జాలిలాగా పలచగా నేసిన గుడ్డ కావాలన్నారు. ఊళ్ళో ఎవరూ ఒప్పుకోలేదు. గంజి పట్టని పడుగు గట్టిగా ఊదితే తెగుతుంది, దానితో ఎవరు వేగుతారు? ఈయన ఒప్పుకున్నాడు. వాళ్ళ పెద్ద సారు ఈయన భుజం మీద చెయ్యి వేసి, నీలాంటి పనివాడు జిల్లాలో లేడన్నాడు. ఇంకేముంది, పొంగిపోయాడు. అన్నేళ్ళు కండెలు చుట్టి ఇచ్చిన నన్ను ఒక్కనాడు బాగా చుట్టినవే అన్నవాడు కాదు. జీపు దిగినవాడు ఒక్క మాట అంటే మాత్రం దేవుడు పలికినట్టే.

పుండ్లున్న వాళ్ళకు ఆ కట్టు కట్టి చూసే పరీక్షలో ఆయన కాలును కూడా చేర్చుకున్నారు. వాళ్ళ డాక్టరమ్మ వారం వారం వచ్చి కట్టు మార్చేది. ఈ కాలు నేల మీద ఆనొద్దు, మగ్గం అసలే తొక్కొద్దు అని చెప్పి పోయేది. ఈయన బుద్ధిగా తల ఊపేవాడు.

జీపు ఊరు దాటగానే కట్టు విప్పి గుంత గట్టు మీద పెట్టేవాడు. ఉత్త కాలు గుంతలోకి దించేవాడు. గంజి లేని పడుగుకు చెక్కను మెల్లగా తొక్కాలట. కట్టున్న కాలితో తొక్కితే అదురుతుందట. ఎడమ కాలికి ఆ పనితనం రాదట. సూది గుచ్చితే తెలియని కాలికి మాత్రం పనితనం ఉందట. పొద్దుగూకాక ఆ కట్టునే దులిపి మళ్ళీ చుట్టుకునేవాడు. పుండుకు కట్టే గుడ్డ నేయడానికి పుండు మీది కట్టు విప్పిన మనిషి ఆయన. విప్పకయ్యా అంటే ఒకటే జవాబు.

"కండెలు చుట్టేదానివి, నీకేం ఎర్కనే?"

మిగతా వాళ్ళ పుండ్లు మానుతున్నాయి, ఈయనది మానడం లేదు. కాలేజీ వాళ్ళు పసరు చిక్కగా చేశారు, పలచగా చేశారు, కలబంద గుజ్జు కలిపారు. కట్టు విప్పుతున్నాడని నేను చెప్పాను. సారు ఆయనను అడిగాడు. ఆయన మగ్గం మీద ఒట్టు వేశాడు. సారు నన్ను చూసి నవ్వి ఊరుకున్నాడు.

ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ చెప్పకుండా వచ్చింది. కట్టు గట్టు మీద ఉంది, దాని మీద ఈగలు. కాలు చెక్క మీద ఉంది. ఆ పిల్ల గట్టు మీద వంగి కాలు చూసింది.

"తాతా, ఈ కాలు పోతుంది. ఇవాళే బయటికి రా," అంది. సారుకు ఫోన్ కలిపి జరిగింది చెప్పింది. సారు ఫోన్ ఆయనకు ఇమ్మన్నాడు. పక్కనే ఉన్న నాకూ వినిపించింది.

"పెద్దాయనా, ఈ ఒక్క తాను దించేసి అప్పుడు రెస్ట్ తీసుకో. మధ్యలో ఆపితే మన పనంతా పాడవుతుంది."

ఈయన నావైపు చూసిన చూపు చెప్పాలి. శాలువా కప్పించుకున్నవాడి చూపు. డాక్టరమ్మ నాకు ముఖం చూపించలేక సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ తాను దిగనే లేదు. పుండు నల్లబడింది, జ్వరం పట్టుకుంది, పాలమూరు తీసుకుపోయాం.

దినాలు కాకముందే సారు డాక్టరమ్మను వెంటబెట్టుకుని పూలదండతో వచ్చాడు. ఫోటోకు దండ వేశాడు, మగ్గం మీద మిగిలిన గుడ్డ అడిగాడు. కోసి డాక్టరమ్మ చేతికిచ్చాను. సారు చేతికి ఇవ్వలేదు.

మొన్న అలంపూర్ దిక్కు నుంచి గొర్లు కాసే ఇంటి ఆడమనిషి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పిక్క చూపింది. ఏళ్ళ నాటి పుండు మూసుకుపోయింది.

"మీ ఆయన నేసిన గుడ్డనేనంట అక్కా," అని కాళ్ళు మొక్కబోయింది.

"నాకేం మొక్కుతవ్, లే," అన్నాను.

అయినా వంగి వేలితో ముట్టి చూశాను. లేత చర్మం, మెత్తగా ఉంది. ఆయన కాలికి రావలసిన చర్మం. దాన్ని ఎవరి కాలి మీదనో చూస్తున్నాను. ఆమె సంతోషం నాకెందుకు? చాయ్ కూడా పొయ్యలేదు, పంపించేశాను.

ఇగ చాలు బిడ్డా. మొదటి సంది ఒకసారి చదువు, వింట. ఆయన మీద నీకు జాలి పుట్టిన కాడ నా మాట మెత్తగ రాసినవేమో. ఏదీ, చదువు.