మీవోలేనా, మేడం?

ఏడో తరగతి సోషల్ పుస్తకంలో ఢిల్లీ సుల్తానుల పాఠం వచ్చిందంటే నా గొంతు మారిపోతుంది. మిగతా పాఠాలన్నీ పుస్తకం మూసేసి కథలా చెబుతాను. ఈ ఒక్క పాఠం మాత్రం తల ఎత్తకుండా చదివి, ప్రశ్నలకి జవాబుల కింద గీతలు గీయించి, గబగబా ముగించేస్తాను. ‘దండయాత్ర’ అన్న మాట వచ్చిన చోట వెనక బెంచీల్లోంచి ఎవరో నన్ను చూస్తున్నట్టే ఉంటుంది. నిజంగా చూస్తున్నారో లేదో నాకు తెలియదు. తల ఎత్తితే కదా!

మాది శ్రీకాకుళం. పాత మసీదుకి దగ్గర్లో మా నాన్నకి గడియారాలు బాగుచేసే షాపు ఉండేది. చూపు తగ్గాక మూసేశారు. నేనుండేది విజయనగరంలో. గరివిడి దాటాక ఒక పల్లెటూరి హైస్కూల్లో ఉద్యోగం. రోజూ బస్సులో వెళ్లి వస్తాను. ఆ స్కూల్లో, ఆ మాటకొస్తే ఆ ఊళ్లోనే, ముస్లింని నేనొక్కదాన్నే. ఎవరూ ఏనాడూ ఒక్క మాట అనలేదు. శ్రావణ శుక్రవారం తోటి టీచర్లు నాకూ శనగలు పెడతారు, రంజాన్‌కి నేను సేమ్యా తీసుకెళ్తే గిన్నె నాకి మరీ ఇస్తారు. అయినా సుల్తానుల పాఠం దగ్గరికొచ్చేసరికి నా తల పుస్తకంలోంచి లేవదు.

దానికి కారణం ఒక రకంగా నాన్నే. గోల్కొండ నవాబుల కాలంలో శ్రీకాకుళం ఫౌజుదార్లనే సేనాధికారులు ఉండే ఊరు. అప్పటి మసీదు ఇంకా ఉంది, మా వీధిలో ఎవరి నోట విన్నా ఆ కాలపు ముచ్చట్లే. చిన్నప్పుడు నన్ను షాపులో కూర్చోబెట్టుకుని నాన్న చెప్పేవారు, “మన తాతలు గోల్కొండ నుంచి గుర్రాల మీద వచ్చినోలు తల్లీ” అని. నేను ఆ గుర్రాల గురించి స్నేహితురాళ్లకి గొప్పగా చెప్పుకునేదాన్ని. పెద్దయ్యాక హిస్టరీ చదివాను, టీచర్‌నయ్యాను, టీవీల్లో రోజూ జరిగే గొడవలు విన్నాను. ఆ గుర్రాలే సిగ్గుగా మారాయి. అవి ఎవరి పొలాల మీదుగా వచ్చాయో, ఏం తొక్కుకుంటూ వచ్చాయో అనిపించేది.

పోయిన శీతాకాలం పిల్లల్ని విహారయాత్రకి శ్రీకూర్మం తీసుకెళ్లాం. హెడ్మాస్టరు గారు, తెలుగు టీచరమ్మ, నేను, బస్సు నిండా పిల్లలు. దారిలో శ్రీకాకుళం మీదుగానే వెళ్లాలి. “సాయంత్రం వచ్చేటప్పుడు మా వీధి చూపిస్తాను, మా నాన్న అరుగు మీద కూర్చుని ఉంటారు, చెయ్యి ఊపుదురుగాని” అని పిల్లలకి మాటిచ్చాను. ఏడో తరగతి మొదటి బెంచీలో కూర్చునే ఒక పిల్ల ఉంది. వాళ్లది వరి, నువ్వులు పండించే రైతు కుటుంబం. రోజూ నా నీళ్ల సీసా నింపి తెచ్చేది. ఆ రోజు బస్సు దిగింది మొదలు నా చెయ్యి వదల్లేదు.

గుడి చూశాం. మండపంలో స్తంభాల మీది చెక్కడాలు, గోడల మీద రంగుల బొమ్మలు, ఆవరణలో పెంచుతున్న తాబేళ్లు అన్నీ చూశారు. పిల్లలు తాబేళ్ల దగ్గర్నుంచి కదలం అన్నారు. ఆ ఊరి పెద్దాయన ఒకరు, వచ్చినవాళ్లకి గుడి కథలు చెప్పే అలవాటున్న మనిషి, మమ్మల్ని చుట్టూ తిప్పుతూ ఒకచోట ఆగారు.

“అదిగో, పైకి సూడండి. ఆ తెల్లటి మరకలు కనబడతన్నాయా? తురకోల దండు వస్తన్నాదని తెలిసి అప్పటోలు గుడి మొత్తానికి సున్నం, గుగ్గిలం మెత్తీసినారు. దూరం నుంచి సూస్తే కొండలాగ కనబడాల. దండు ఇలాగొచ్చి అలాగ ఎల్లిపోయినాది. సామి దక్కినాడు.”

పిల్లలు “అబ్బో” అన్నారు. నేనూ పైకి చూస్తున్నాను. ఆ కథ నేను చిన్నప్పుడూ విన్నదే, బాగుంటుంది. నా చెయ్యి పట్టుకున్న పిల్ల తల పైకెత్తి, ఏ మర్మమూ లేకుండా, గుడంతా వినపడేలా అడిగింది.

“ఆ దండోలు మీవోలేనా, మేడం?”

అందరూ నా వైపు తిరిగారు. కథ చెబుతున్న పెద్దాయన బొట్టు లేని నా మొహం అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసి, చూపు దించేసుకున్నారు. “నాకు తెలీదమ్మా” అన్నాను. సోషల్ టీచర్ని, ఆ పాఠమే చెప్పే మనిషిని, తెలీదన్నాను.

హెడ్మాస్టరు గారు అదిలించారు. “ఏయ్, అలాగడుగుతారేటి? మేడం గారు అలాంటోరు కాదు. సాలా మంచోరు.”

ఆయన మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ ‘మంచోరు’ అన్న మాటకి పిల్ల నా చెయ్యి వదిలేసింది. తనేదో పెద్ద తప్పు చేసిందని దానికి అర్థమైంది, ఆ తప్పేమిటో మాత్రం అర్థం కాలేదు. బస్సెక్కాక ఆయన దాన్ని నా సీటు దగ్గరికి పంపి సారీ చెప్పించారు. “ఇంకెప్పుడూ మీవోలని అనను మేడం” అని ఏడ్చింది. దాని తల నిమిరాను. బస్సంతా ఒక్కసారిగా చావు ఇంటిలా అయిపోయింది. పొద్దున పాటలు పాడిన పిల్లలు కిటికీల్లోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. వాళ్ల విహారయాత్ర నా వల్ల పాడైందని నాకు సిగ్గేసింది.

శ్రీకాకుళం వచ్చింది. మసీదు మీనార్లు కనబడ్డాయి. మా వీధి మలుపు వచ్చింది. ఎవరూ అడగలేదు, నేనూ చూపించలేదు. ఆ వేళకి నాన్న అరుగు మీద ఉంటారని, మా బస్సు వస్తుందని నేనే ఫోన్లో చెప్పానని గుర్తుంది. మలుపు దాటేదాకా హ్యాండ్‌బ్యాగులో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను.

ఆదివారం నాన్న దగ్గరికి వెళ్లాను.

“ఏటమ్మా, ఆ రోజు బస్సు ఇటు రానేదా? సీకటి పడేదాకా కూకున్నాను” అన్నారు.

దానికి జవాబు చెప్పకుండా, “నాన్నా, మనం నిజంగా గోల్కొండ నుంచే వచ్చామా?” అని అడిగాను.

“మరెక్కడినుంచొస్తాం?” అన్నారు కొంచెం విసుగ్గా.

అప్పుడు గుళ్లో జరిగింది చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. “మీ గుర్రాల కథ మొయ్యలేకపోతున్నాను నాన్నా. బళ్లో పాఠం చెప్పాలంటే దొంగలా చెబుతున్నాను” అన్నాను.

నాన్న లేచి, గోడ పట్టుకుంటూ వెళ్లి, వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. కూర్చున్నాక కూడా నా మొహం చూడలేదు.

“ఏ గోల్కొండా నేదమ్మా. ఏ గుర్రాలూ నేవు. మనది పొందూరు అవతల పల్లి. దూదేకులోలం. మా తాత బుజాన ఏకుడు బద్ద ఏసుకుని ఊరూరా తిరిగి పరుపులకి దూది ఏకీవోడు. మా నాన్న ఇక్కడికొచ్చి షేకులమని సెప్పుకున్నాడు. గుర్రాల కత ఆయన కట్టిందే. నేనూ అదే సెప్పుకొచ్చినాను.”

“ఎందుకు నాన్నా?”

“ఎందుకేటి? పల్లిలో ఇందువులేమో ‘మీరు సాయిబులు’ అనీవోరు. సాయిబులేమో ‘మీరు సాయిబులేటి, మీకు నమాజే రాదు’ అని నవ్వీవోరు. దూదేకులోలమని తెలిస్తే మీ అమ్మని నాకిచ్చీవోరా?”

“అమ్మకి తెలుసా?”

ఆయన తల అడ్డంగా ఊపారు. “పోయీదాకా సెప్పనేకపోయినాను. శానా సార్లు నోటిదాకా వచ్చినాది. సిగ్గేసినాది.”

అమ్మ గుర్తొచ్చింది. హైదరాబాద్ బంధువుల పెళ్లిళ్లలో మా వచ్చీరాని ఉర్దూకి వాళ్లు నవ్వితే, “మా ఆయన వాళ్లది ఫౌజీ ఖాందాన్, సిపాయిల వంశం” అని తలెత్తి చెప్పుకునేది. మా ఇంట్లో మనిషికో సిగ్గు ఉందని, ఒకరి సిగ్గు ఒకరికి తెలియకుండా అందరం ఒకే కంచంలో తిన్నామని అప్పుడు తెలిసింది.

కానీ నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో నాకు కలిగింది బాధ కాదు. గొప్ప సంతోషం. మేం ఆ దండులో వాళ్లం కాము! ఇక్కడి పత్తి, ఇక్కడి మట్టి, ఇక్కడి మనుషులం. ఆ సంతోషం నా మొహంలో కనబడి ఉంటుంది. నాన్న మసక చూపుతో కాసేపు నన్ను చూసి, “నవ్వుతన్నావేటమ్మా?” అన్నారు. టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లిపోయాను.

విజయనగరం వచ్చేదాకా బస్సులో ఆ మాట ఎలా చెప్పాలా అని అనుకుంటూనే ఉన్నాను. మర్నాడు ఇంటర్వెల్‌లో, స్టాఫ్ రూములో టీ తాగుతుండగా, ఏదో మాటల్లో వచ్చినట్టు చెప్పేశాను. “అసలు మాది పొందూరు వైపేనండీ. దూది ఏకేవాళ్లట. ఎక్కడినుంచో వచ్చినవాళ్లం కాదు.”

హెడ్మాస్టరు గారు గ్లాసు కింద పెట్టేశారు. “నేను అనుకుంటానే ఉన్నాను మేడం! మీ మాట, మీ చీరకట్టు, ఎక్కడైనా తేడా ఉన్నాదా? అయితే మీరు మనోలే! పాపం, ఆ నవాబుల కాలంలో బలవంతాన మార్చేసుంటారు.”

బలవంతం గురించి నేనేమీ చెప్పలేదు. మా పూర్వీకులు ఎందుకు మారారో నాన్నకీ తెలియదు. ఏ ఫకీరు మాటో నచ్చి మారారో, పక్కన కూర్చోనిచ్చే వాళ్లు దొరికారని మారారో, ఏ పన్ను బాధకి మారారో. హిస్టరీ చదివినదాన్ని, ఆ మాట ఆయనతో అనవచ్చు. అనలేదు. తెలుగు టీచరమ్మ తన క్యారియర్ తెరిచి, “మనోలే కదా, తినండి” అంటూ గారె నా చేతిలో పెట్టింది. ఆవిడ అంతకు ముందూ పెట్టేది, ఏ మాటా అనకుండా. ఈసారి ఆ మాటతో పెట్టింది. గారె తిన్నాను. అందరూ నవ్వుతున్నారు, నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక నా మీద నాకే అసహ్యం వేసింది. నిన్నటి దాకా నేనెవర్ని వాళ్లకి? నాన్న చెప్పిన గుర్రాల కథే నిజమై ఉంటే, ఎన్నో తరాల కిందట ఎవరో గుర్రమెక్కి వచ్చినందుకు నేను తల దించుకునే తిరగాలా? నేను తప్పించుకున్నానే గాని, తల దించుకోవాలన్న ఆ లెక్కని ఒప్పుకునే తప్పించుకున్నాను. నాన్న జన్మంతా దాచుకున్న మాట పెట్టి నా చోటు సంపాదించుకున్నాను.

సుల్తానుల తర్వాత మొగలుల పాఠం. ఈసారి పుస్తకం బల్ల మీద పెట్టేశాను. పొద్దున్నే నేను పేర్లు పిలుస్తుంటే మీరు పలికే ‘హాజరు’ ఎక్కడి మాట, మీ నాన్నలు ‘రైతు’లు కదా, ఆ మాట ఎక్కడిది, పొలం కాగితాల మీద వేసే ‘ఫసలీ’ సంవత్సరం ఏమిటి, వకీలు, ఫిర్యాదు, ఖరీదు, దుకాణం ఎలా వచ్చాయి అని ఒక్కొక్కటీ అడిగి చెప్పాను. అరబ్బీ, పారసీ మాటలు అన్నీ. శిస్తు వసూలు చేసినవాళ్లు వాళ్లు కాబట్టి మన పొలాల భాషలో వాళ్ల మాటలు మిగిలాయని చెప్పాను. పిల్లలు నమ్మలేదు. ‘రైతు’ మాత్రం మనదేనని పట్టుబట్టారు.

అప్పుడు మొదటి బెంచీ పిల్ల, శ్రీకూర్మం తర్వాత నా వైపు చూడడమే మానేసిన పిల్ల, చెయ్యి ఎత్తింది.

“మేడం, మీరు మనోలేనంట కదా. మా నాన్న సెప్పినాడు. అయితే ఇప్పుడు తురకోల గురించి అడగొచ్చా? తప్పు కాదు కదా?”

స్టాఫ్ రూములో అన్న మాట అప్పటికే ఊరంతా తిరిగిందన్నమాట.

“అప్పుడూ తప్పు కాదమ్మా. అడుగు” అన్నాను.

“గుళ్లు కొట్టినారా, నేదా?”

“కొన్ని కొట్టారు. కొన్నిటికి మాన్యాలు కూడా ఇచ్చారు. రాజ్యాల కోసం పోట్లాడిన రాజులు చాలామంది చాలా చెడ్డ పనులు చేశారు. వాళ్లలో కొందరు ముస్లింలు. మా తాతలు ఆ దండులో ఉన్నా, లేకపోయినా, కొట్టింది నేను కాదు. ఆ రోజు నువ్వడిగినదానికి నేను తెలీదని అనకుండా ఉండాల్సింది.”

దానికి ఎంత అర్థమైందో తెలియదు. తల ఊపి, “మరి తాజ్‌మహల్ ఎప్పుడొస్తాది మేడం?” అంది. మర్నాటి నుంచి నా నీళ్ల సీసా మళ్లీ నిండడం మొదలైంది. నా గొంతు కూడా కొంచెం బాగుపడింది.

దండులో ఉన్నా, లేకపోయినా అని పిల్లల దగ్గర అన్న ఆ మాట పెద్దవాళ్ల దగ్గర ఇంకా అనలేకపోతున్నాను. స్కూలుకి ఏ అధికారి వచ్చినా హెడ్మాస్టరు గారు నన్ను ఉత్సాహంగా పరిచయం చేస్తారు. “మా సోషల్ మేడం అండి. ముస్లిమ్సే గాని, మనోలే” అంటారు. నేను నవ్వి, వచ్చినవారికి కుర్చీ వేస్తాను.

మొన్న నాన్న ఫోన్ చేశారు. ఆరోగ్యం సంగతీ, కళ్ల డాక్టరు సంగతీ అయ్యాక కాస్త ఆగి, గొంతు తగ్గించి అడిగారు.

“అమ్మా, ఆ పొందూరు సంగతి మీ బళ్లో ఎవులికీ సెప్పనేదు కదా?”

“లేదు నాన్నా” అన్నాను.

“మంచి పని సేసినావు” అని ఫోన్ పెట్టేశారు.