సున్నం కింద మా వీధి పేరు

ఆ కబురు ముందుగా నా చెవిన వేసింది మా తమ్ముడి భార్య. శనివారం పొద్దున దేవుడి దీపం వత్తి సరిచేస్తుంటే, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "వదినా, మన మూలగోడను ఎవురో పిల్ల గీకతా ఉండాది" అంది. వత్తి అలాగే వదిలేసి లేచాను. బెంగళూరు పేటలో పుట్టి పెరిగిన నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు, కొత్త మనిషి బ్రష్షు పట్టుకుని గోడ దగ్గర నిలబడితే ఏమనిపిస్తుందో.

నా చిన్నతనంలో రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు అలాగే వచ్చారు. టేపు పట్టి కొలిచి, పక్క వీధి గోడలమీద ఎర్రరంగు గీతలు గీసి పోయారు. గీత దాకా ఇల్లు రోడ్డు కింద పోతుందని అర్థం. మాకు ముందుగది పోతే మగ్గం పోయినట్టే, మగ్గం పోతే అన్నం పోయినట్టే. మా అవ్వ, నాయనకు తల్లి, మూలగోడలో పొదిగిన వీధి పేరు రాతిపలకను ఆ సాయంత్రమే సున్నంతో పూసేసింది. పేరు కనబడకపోతే వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు తిరిగిపోతారని ఆమె నమ్మకం. వాళ్ళ దగ్గర పటాలుంటాయని నాయన నవ్వితే, "పటంలో ఉంటే ఉండనీప్పా, గోడమీద వద్దు" అంది. నన్ను బడికి పంపకుండా మగ్గం పక్కనే అక్షరాలు దిద్దించిన నాయన, ఆ పలకమీది అక్షరాలు మాత్రం చూపించలేకపోయాడు.

దేవుడి దయ, రోడ్డు మా వీధిలోకి రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు. అవ్వ కొబ్బరికాయ కొట్టి, పండుగకు ఇంటికి వెల్ల వేసినప్పుడల్లా పలకకు ఒక పూత ఎక్కువ వేయించేది. ఆమె తర్వాత అమ్మ, అమ్మ తర్వాత, తమ్ముడితో పుట్టినిల్లు పంచుకుని ఉంటున్న నేను.

ఇప్పుడు గోడ గీకుతున్న పిల్లది నెల్లూరు వైపట. ఊరి చివర హూడిలో కంప్యూటరు ఉద్యోగం, సెలవునాడు పాత వీధి పలకలు బాగుచేసే వాళ్ళతో తిరుగుతుందట. నాకు మాటమాత్రం చెప్పకుండా తమ్ముడు సరేనన్నాడట.

"జీతం లేకుండా ఊరి గోడలు గీకేవాళ్ళు ఉంటారా తల్లీ? ఎవురు పంపించినారు నిన్ను?"

"ఎవరూ పంపలేదాంటీ, జస్ట్ వాలంటీరింగ్. బ్యాగ్ చెక్ చేసుకోండి, టేపు కూడా లేదు."

"టేపు మాట నేనెత్తలేదే."

"మీ బ్రదర్ ముందే చెప్పారాంటీ, మీరు దానికోసమే చూస్తారని."

అయినా స్టూలు వేసుకుని, నామం చెప్పుకుంటూ, ఆమె చేతులనే చూస్తూ కూర్చున్నాను. సున్నాన్ని నీళ్ళతో నానబెట్టి, వెదురు పుల్లతో పొర పొరగా లేపింది. అడుగున అక్షరాలు నిన్న చెక్కినట్టున్నాయి. మిగతా వీధుల్లో వానకూ, పోస్టర్లకూ అరిగిపోయాయని, ఇక్కడ సున్నమే కాపాడిందని ఆ పిల్ల మురిసిపోయింది. నేను మురవలేకపోయాను. అక్షరాల్లో నింపడానికి ఆమె నల్లరంగు డబ్బా మూత తీయగానే చాలన్నాను.

ఆమె మూత పెట్టేసింది. రంగు వేయననీ, కావాలంటే మళ్ళీ సున్నం తానే పూసి పోతాననీ అంది. ఎవరో పంపగా వచ్చిన మనిషైతే ఆ మాట అనదు. స్టూలు పక్కకు జరుపుకుని, రంగు వేయమన్నాను.

ఇప్పటికీ మూలన బండి ఆగితే తొంగిచూస్తాను. కానీ ఈ వీధిలో మగ్గం చప్పుడు ఆగిపోయి ఎన్నాళ్ళో అయింది. ఇల్లు వెతికేవాళ్ళు గోడ చదవరు, చేతిలోని ఫోను చూసుకుని నేరుగా గుమ్మం ముందుకే వస్తారు. దాచుకోవడానికి చోటే లేని కాలమిది. మీరెప్పుడైనా మా మూల తిరిగి ఆ పేరు చదివితే, ఎవరూ చదవకూడదని దాన్ని కప్పిన మా అవ్వను ఒక్కసారి తలచుకోండి.