గుడ్లు వండని చిన్నాయన

ధర్మపురి బస్టాండులో సేలం బస్సు కండక్టరు నన్ను చూసి ఆగాడు. "నల్లంపల్లిలో మీ చిన్నాయన పోయినాడంట. కడ మూసినారు" అన్నాడు. కడ అంటే హైవే పక్కన ఆయన నడిపే చిన్న హోటలు; అది మూసి ఉండగా నేనెన్నడూ చూడలేదు.

చిన్నాయన చేతి పరోటా కోసం లారీలు ఆగేవి. కోడికూర కూడా వండేవాడు. గుడ్డు మాత్రం ముట్టేవాడు కాదు. "ఆమ్లెట్ వెయ్యని కడ ఏం కడ సామీ?" అని డ్రైవర్లు ఎదుటి హోటలుకు పోతే, చిన్నమ్మ గొణుక్కునేది. ఆయన పెనం తుడుచుకుంటూ ఉండిపోయేవాడు.

పెళ్లికి ముందు ఆయన మద్రాసు రేవులో ఒక విదేశీ ఓడ ఎక్కి వంటవాడుగా పనిచేశాడు. దక్షిణ ధ్రువం వైపు మంచులో పరిశోధనలు చేసేవాళ్లకు ఆ ఓడ సరుకులు మోసేది. ఒకసారి ఓడలో మాంసం నిండుకుంది. అందరూ గోనెసంచులతో ఒడ్డుకు దిగి పెంగ్విన్ పక్షుల గుడ్లు ఏరుకొచ్చారు. చిన్నాయనా ఏరాడు, ఆయనే వండాడు.

పంతొమ్మిదివందల అరవైల చివర్లో ఒక పొద్దున తమిళ పేపరులో వచ్చిన వ్యాసం ఆయనకు చదివి వినిపించాను. ఆ మంచునేల మీద అనుమతి లేకుండా పక్షుల్ని చంపకూడదనీ, గుడ్లు తీయకూడదనీ, వాటి మధ్య కుక్కల్ని వదలకూడదనీ అక్కడ పనిచేసే దేశాలన్నీ కలిసి నియమాలు పెట్టుకున్నాయట. మళ్లీ చదవమన్నాడు.

"రూలు వచ్చేసింది కదా, ఇంక మర్చిపో" అంది చిన్నమ్మ.

"రూలు ఇంక అక్కడికి పొయ్యేవాళ్లకు. అప్పుడు రూలు లేకున్నా నాకు కండ్లు ఉండె కదా" అన్నాడు.

తర్వాత కొన్నేళ్లకు, నేను పాఠాలు చెప్పే బడికి ఆయన్ని పిలిచాను. పిల్లలు మంచు కొండల కథలు అడిగితే ఆయన గుడ్ల సంగతే చెప్పాడు. "మేము కోడిగుడ్లు తింటాము కదా తాతా, అదీ తప్పేనా?" అని ఒక అమ్మాయి అడిగింది.

"కోడికి మనం గింజలేసి సాకుతాము. ఆ పక్షులకు మనం ఏమీ పెట్టలేదు. మనిషంటే ఏమో తెలీక, భయపడకుండా నిలబడినాయి. ఆ భయం లేనిదాన్నే దోచినాము."



తిరుగు బస్సులో, గుడ్లు తీస్తుంటే ఆ పక్షులు పొడవలేదా అని అడిగాను.

"ఒకటి పొడిచె. తక్కినవి పక్కకు జరిగినాయి. మేము సంచులెత్తుకొని వెనక్కి తిరిగి చూస్తే, ఒక పక్షి తన చోటికి వచ్చి, వంగి, కాళ్ల మధ్య చూసుకొనె. కొంచెంసేపు అట్లే చూసె. మళ్లీ ఆ ఉత్త రాళ్లమీదనే పొట్ట ఆనించి, మెల్లిగా, పొదిగేదానికి కూర్చునె."