మూడు కాళ్లతో మంద వెనకాల

మా మామ ఇంట్లో ఇద్దరిని "ఏమ్మే" అని పిలిచేవాడు. ఒకరు మా అత్త, రెండోది కుక్క. ఆయన వాకిట్లోంచి కేకేస్తే ఇద్దరూ తలెత్తేవాళ్లు. "నన్నా, దాన్నా?" అని అత్త విసుక్కునేది. కుక్క అలాంటి ప్రశ్నలేవీ వేయకుండా లేచి వచ్చేసేది. అందుకే మామకు అదంటేనే ఎక్కువ ఇష్టమని అత్త వీధంతా చెప్పుకుని నవ్వేది.

నాది మంగళవాడ. పెళ్లయి వల్లూరుకు వచ్చిన కొత్తలో మా చేలో వేరుశనగ ఉండేది. తర్వాత ఆ చేను లీజుకు పోయి, అక్కడ సోలార్ ప్యానెళ్లు నిలబడ్డాయి. మా ఆయనకు గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం వచ్చింది. మామ మాత్రం గొర్రెల్ని వదల్లేదు. కంచె వెంబడి మిగిలిన గడ్డి, గుట్ట వెనకాల సర్కారు వదిలేసిన మేత నేల, ఇవి చాలనుకున్నాడు. మందకు ముందు మామ, వెనకాల కుక్క.

నిడుగల్లు దగ్గర ఎవరో గొర్రెలవాళ్ల మంద నుంచి దాన్ని పిల్లప్పుడే తెచ్చాడట. నేను దాన్ని మెచ్చుకోవడం మొదలుపెట్టింది ఒక చూలు గొర్రె వల్ల. ఒక సాయంత్రం మంద ఇల్లు చేరింది, కుక్క చేరలేదు. వెతుక్కుంటూ పోతే గుట్ట కింద ఆ గొర్రె ఈని ఉంది. తడి పిల్లకు ఒక పక్క తల్లి, ఇంకో పక్క ఇది. తోడేళ్లు తిరిగే చోటు అది. మమ్మల్ని చూశాకే లేచి ఒళ్లు దులుపుకుంది. మనుషుల్లో అంత బాధ్యత ఉన్నవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ముసలితనం వచ్చాక ఒకసారి అది కుంటడం మొదలుపెట్టింది. ముందు కుడికాలు. గొర్రెలున్న ఇంట్లో ఏది కుంటినా ముందు ముల్లు కోసమే చూస్తారు. మేమూ అదే చేశాం. అత్త దాని పాదం ఒళ్లో పెట్టుకుని పిన్నీసుతో వెతికింది, నేను టార్చి పట్టాను, మామ వేళ్ల సందులన్నీ తడిమాడు. ముల్లు దొరకలేదు. లోపల విరిగి ఉంటుందనుకుని వేపాకు నూరి కట్టాం. వాపు పాదంలో కాదు, మణికట్టుకు పైన ఉందని మా అందరికీ కనిపిస్తూనే ఉంది. అయినా ముల్లు పైకి పాకిందని ఒకరికొకరం సర్దిచెప్పుకున్నాం. అలా చాలా రోజులు పోగొట్టాం.

చివరికి పావగడలో పశువుల డాక్టరుకు చూపిస్తే ఆయన వాపు మీద చెయ్యి వేసి నొక్కి చూశాడు. "ముల్లు కాదప్పా ఇది. ఎముకలో ఉండాది. బెంగళూరుకు తీసుకోనిపోయి ఎక్స్‌రే తీపించండి" అన్నాడు.

తెలిసినవాళ్ల జీపులో బయల్దేరాం. దారి పొడుగునా దాని తల మామ ఒళ్లోనే ఉంది. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. కుక్కను బల్ల ఎక్కించకుండా తనే దాని పక్కన నేల మీద కూర్చుంది. నాకు ఆమె అప్పుడే నచ్చింది. ఎక్స్‌రే చూసి కన్నడంలో నిదానంగా చెప్పింది. అది ఎముక క్యాన్సర్. ఊపిరితిత్తుల్లో ఇప్పటికి ఏమీ కనిపించలేదు కానీ, కంటికి కనిపించనిది ఉండే ఉంటుంది. కాలు భుజం దాకా తీసేస్తే ఆ నొప్పి పోతుంది. ఆ తర్వాత ఇంజెక్షన్లు ఇస్తే ఇంకొంత కాలం బతకొచ్చు. తీయకపోతే మాత్రలు ఇవ్వొచ్చు గానీ నొప్పి పూర్తిగా అణగదు, ఎముక ఏదో ఒక రోజు విరుగుతుంది. అదీ వద్దనుకుంటే సూది వేసి శాశ్వతంగా నిద్రపుచ్చడం.

"ఏం చేసినా దీనికి ఎక్కువ కాలం లేదు. ఉన్న కాలం ఎలా గడవాలన్నదే మీరు తేల్చుకోండి" అంది.

మామ ఒక్కటే అడిగాడు, ఆ కాలు లేకుండా అది మంద వెనకాల నడుస్తుందా అని.

"చాలా కుక్కలు నడుస్తాయి. మీ కుక్క సంగతి నాకంటే మీకే బాగా తెలుసు" అందామె.

ఇంటికొచ్చాక గొడవ మొదలైంది. మా ఆయన మొహం మాడ్చుకుని, "నాయనా, ఈ వయసులో దాని కాలు కోపిచ్చి ఏం చేస్తాం? మాత్రలు ఏస్తా ఉన్నన్ని దినాలు ఉండనీ" అన్నాడు. అత్త కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "నోరు లేనిది. దాని కాలు తీయమని చెప్పేకి మనమెవురప్పా?" అంది.

నాకు కోపం ముందొస్తుంది, మాట దాని వెనకే వస్తుంది. "మాత్రలతో పోదని ఆయమ్మ చెప్పలేదా? అది మూలుగుతాంటే ఇంట్లో ఇనేది నేను. గేటు కాడ కుచ్చోనుండే నీకేం తెలుస్తాది?" అన్నాను.

మామ సంగటి ముద్ద ముందు కూర్చున్నాడు. తినడం అయ్యాక చెయ్యి కడుక్కుంటూ, "పొద్దున చూస్తాం" అన్నాడు.

పొద్దున నేను పేడ తీసి వచ్చేసరికి ఆయన కుక్క ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. మందలో దారి తప్పే పొట్టేలుంటే దాని ముందుకాలు ఒకటి మడిచి తాడుతో కడతారు మావాళ్లు. మూడు కాళ్లతో మందతోపాటు మేస్తుంది గానీ పరుగెత్తి ఎవరి చేలోనో పడే వీలుండదు. మామ అదే పని చేస్తున్నాడు. కాకపోతే తాడు బదులు అత్త పాత చీర ముక్క. నొప్పి మాత్ర పనిచేసేదాకా ఆగి, జబ్బు కాలిని నెమ్మదిగా ఎత్తి, గుడ్డ ఊయలలా వేసి ఛాతీకి కట్టాడు.

నేను అగ్గి మీద గుగ్గిలం అయ్యాను. "ఏంది మామా ఇది? అదేమన్నా పొట్టేలా?"

"కాదు మ్మా. పొట్టేలైతే అడిగే పని ల్యా" అన్నాడు. "ఇప్పుడు దాన్నే అడుగుతాండా."

తలుపు తీసి మందను తోలాడు. కుక్క లేచి ఒక అడుగు వేసి గడ్డం నేలకు కొట్టుకునేలా పడింది. నేను ముందుకు పోబోతే మామ చెయ్యి అడ్డం పెట్టాడు. మళ్లీ లేచింది. ఈసారి నిలబడింది. గెంతుతూ, ఆగుతూ, కంచె వెంబడి మంద వెనకాల పోయింది. మధ్యాహ్నం సద్ది తీసుకెళ్లే నెపంతో నేనూ పోయాను. కుక్క కంచె దాటి బయటికి పడిన ప్యానెళ్ల నీడలో పడుకుని, నాలుక వేలాడేసి, కళ్లు మాత్రం గొర్రెల మీదే పెట్టి ఉంది.

సాయంత్రం నేను గెలిచినట్టే మాట్లాడాను. నడిచింది కదా, ఇంకేం కావాలి, డాక్టరమ్మకు ఫోన్ చేద్దామన్నాను. మామ తల అడ్డంగా ఊపాడు.

"నేను పోతే అది వస్తాది మ్మా. పాకతానైనా వస్తాది. నా మొకం చూసి నడిచినదానికి కాలు కోపిచ్చేది న్యాయం గాదు."

మేమంతా మాకు తోచింది దానికి మంచిదని అరుచుకుంటున్నాం. ఈయన ఒక్కడే దాని మనసులోంచి తన మీది ఇష్టాన్ని కూడా తీసేసి చూడాలనుకున్నాడు. చదువుకున్న నాకు ఆ ఆలోచన రాలేదు సరే, ఎవరికి మాత్రం వస్తుంది!

మా ఆయనకు సెలవున్న రోజు మందను ఆయనకు అప్పగించి, మామ అరుగు మీద కూర్చున్నాడు. గుడ్డ కట్టిన కుక్క మంచం కింద ఉంది. గొర్రెలు వీధిలోకి పోతుంటే లేచి మామ దగ్గరికొచ్చి, ఆయన చెయ్యి వాసన చూసింది. ఆయన కదల్లేదు. తన కళ్లలో ఏదైనా కనిపెడుతుందేమోనని మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. కుక్క ఆయన్ను చూసింది. వీధిని చూసింది. మళ్లీ ఆయన్ను చూసింది. నేనూ అత్తా గడప దగ్గర నిలబడి చూస్తున్నాం.

అది పోయింది. మోరీ కాలువ దగ్గర ఒకసారి పడి, లేచి, ఈసారి వెనక్కి చూడకుండా మంద వెనకాల మలుపు తిరిగిపోయింది.

మామ అప్పుడు ఇటు తిరిగాడు. కళ్లు తువ్వాలుతో ఒత్తుకుంటూ నవ్వాడు. "చూసినారా, నన్ను ఇడిసిపెట్టి ఎట్ల పాయనో!"

"మంచి పని చేసింది. ఇంగనన్నా పిలిస్తే నేను పలుకుతా" అంది అత్త, తనూ ఏడుస్తూనే.

"ఆ డాక్టరమ్మకు ఫోన్ చెయ్ మ్మా. కాలు తీపిస్తాం" అన్నాడు మామ.

ఇంజెక్షన్లు మాత్రం వద్దన్నాడు. ప్రతిసారీ అంత దూరం జీపులో వాంతులు చేసుకుంటూ పోవడం దానికి నరకం. కాలు తీయించింది నొప్పి పోవడానికి, ఆయుష్షు సాగదీయడానికి కాదన్నాడు. డాక్టరమ్మ కూడా సరేనంది. కుట్లు నాకకుండా మా ఆయన పాత యూనిఫాం చొక్కా తొడిగాం. చొక్కాతో అది సెక్యూరిటీ ఆఫీసరులాగే ఉందని గేటు దగ్గర వాళ్లంతా ఏడిపించారు.

పుండు మానాక అది మళ్లీ మంద పట్టింది. వానలు పడ్డన్నాళ్లూ, చలి ఉన్నన్నాళ్లూ ఒక్క పూట మూలగలేదు. ప్యానెళ్లు కడిగేవాళ్లు పని ఆపి చూసేవాళ్లు. ఎవరైనా అయ్యో పాపం అంటే నాకు ఒళ్లు మండేది. అంత దర్జాగా బతికేదాన్ని చూసి పాపమేంటి?

ఎండలు ముదిరాక దగ్గు మొదలైంది. మామ పావగడ డాక్టరుకు ముందే చెప్పి పెట్టాడు. "మంద లేసేటప్పుడు అది తల ఎత్తకపోతే పిలుస్తా సార్. వచ్చి సూది ఎయ్యాల." ఒకనాటి పొద్దున మంద లేచింది. కుక్క చెవి కదిపింది గానీ తల ఎత్తలేకపోయింది. మామ నా వైపు చూసి, ఫోన్ చెయ్యమన్నట్టు చెయ్యి ఊపి, గొర్రెల్ని తోలుకుని వెళ్లిపోయాడు.

నాకు మండిపోయింది. ఇన్నాళ్లు ఇంత చేసి, ఆఖరి గంటలో దాన్ని మా మీద పడేసి తప్పుకున్నాడని అత్త దగ్గర నోటికొచ్చినట్టు అన్నాను. ఫోన్ చేసి, దాని తల దగ్గర కూర్చున్నాను. ఊపిరి అందక పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. అత్త తడిగుడ్డతో దాని మూతి తుడుస్తూ ఉండిపోయింది.

డాక్టరు బండి ఆగేలోపు వీధిలో గొర్రెల అలికిడి వినిపించింది. ఇంత పొద్దున్నే, మేత ముట్టకుండా మందను వెనక్కి తోలుకురావడం నేనెప్పుడూ చూడలేదు. మామ వాకిలి గేటు బార్లా తీసి మందనంతా లోపలికి తోలాడు. పొలంలో ఎరువుకోసం మంద నిలిపేటప్పుడు చేసినట్టే, అదిలించి అదిలించి కుక్క చుట్టూ నిలబెట్టాడు. మేతకని తోలుకుపోయిన మందను, పోయిన దారినే దానికోసం వెనక్కి తెచ్చాడన్నమాట. గొర్రెల వాసన తగలగానే అది కళ్లు తెరిచింది. ముక్కు కదిలింది. ఒక పిల్ల దాని వీపుకు ఆనుకుని పడుకుంది.

డాక్టరు సంచీ పట్టుకుని గేటు దగ్గర ఆగిపోయాడు. "అప్పా, వీటిని కొంచెం బయటికి తోలు. నేను దాని దగ్గరికి రావాల గదా" అన్నాడు.

"ఉండనీ సార్" అన్నాడు మామ. "అది డ్యూటీలో ఉండాది."

డాక్టరు గొర్రెల్ని చేత్తో పక్కకు జరుపుకుంటూ వచ్చి, వాటి మధ్యనే మోకాళ్ల మీద కూర్చున్నాడు.